రోగమెరిగి మందు: ఒక పాత మోటారు సైకిలు నేర్పిన పాఠము

(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమునందలి యంత్రముల మరమ్మతును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరినారు. మంచినీటి మోటారు, వీధి దీపములు, చెత్త తరలించు బండి మొదలైనవన్నియు మీ బాధ్యతలో నున్నవి. వాని నన్నింటిని గూర్చి పైపైన ముచ్చటించుటకంటె, మేము కన్నులార చూచి, చేతులార పట్టుకొని, ఒకసారి పొరపాటుపడి నేర్చుకొన్న ఒక్క యంత్రమును గూర్చి సాంతముగా చెప్పుట మేలని తోచినది. అది పంచాయతీ యంత్రము కాదు. ఒక పాడి రైతు యొక్క పాత బుల్లెట్ మోటారు సైకిలు.

ప్రకాశం జిల్లాలోని ఒక మెట్ట గ్రామమున ఆ రైతు నివాసము. నాలుగిండ్ల పాలు, తన ఇంటి పాలు క్యానులకెత్తుకొని ప్రతి దినము వేకువను పదునొకండు కిలోమీటర్ల దూరమునందున్న పాలకేంద్రమునకు చేర్చుట అతని వృత్తి. ఆ బండి వయస్సు ముప్పది యేండ్లు దాటినది. ఒకనాడు దారిలో అది తడబడ నారంభించినది. పల్లెలలో దీనినే 'బండి మిస్సింగు కొట్టుచున్నది' అందురు. నాలుగు అడుగులు సాగును, ఒక్క కుదుపు కుదుపును, సైలెన్సరులో ఢామ్మని మ్రోగును, మరల సాగును. ఎట్టకేలకు కేంద్రము చేరునప్పటికి ప్రొద్దెక్కెడిది. రెండు దినములు పాలు విరిగినవని త్రిప్పి పంపిరి.

అతడు పట్టణమున మరమ్మతు చేయించెను. మొదట ప్లగ్గు మార్చిరి. తగ్గలేదు. కాయిల్ మార్చిరి. తగ్గలేదు. అప్పు చేసి కార్బొరేటర్ సైతము క్రొత్తది వేయించెను. అప్పటికిని తగ్గలేదు. తుదకు "బోరు అయిపోయింది, ఇంజను విప్పాల్సిందే" అని తేల్చిరి. ఆ ఖర్చు కొరకు అతడు చూడి పెయ్యను అమ్మ నిశ్చయించుకొని, బేరము కూడ కుదుర్చుకొన్నాడు. మేము ఆ గ్రామమునకు వెళ్లిన దినమున పంచాయతీ కార్యాలయపు అరుగు మీద ఈ మాటయే నడుచుచుండెను.

మాకు కళాశాల దినములనుండియు ఇట్టి బండ్లతో పరిచయము కలదు. పెయ్యను అమ్మక పూర్వము ఒక్క ఆదివారము మాకిమ్మని అతనిని అడిగితిమి.

ఇచ్చట ఆ యంత్రమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1955లో ఇంగ్లండునందలి రెడిచ్ పట్టణపు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారితో మద్రాసు మోటార్స్ వారు కూడి ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీని స్థాపించిరి. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులో బుల్లెట్ బండ్ల తయారీ సాగినది. నేడు అదే పేరుతో వచ్చు బండ్ల ఇంజను వేరు; మేము చెప్పునది పాత ఇనుప సిలిండరు బండిని గూర్చి. దానికి ఒక్కటే సిలిండరు. లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను కదలు దూరము 90 మిల్లీమీటర్లు. లెక్కవేసిన 346 ఘనపు సెంటీమీటర్లు వచ్చును. అందుచేతనే దానిని 350 బండి యందురు.

ఇది నాలుగు దెబ్బల ఇంజను. పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట, ఈ నాలుగు పనులకు ఇరుసు రెండు చుట్లు తిరుగును. అనగా రెండు చుట్లకు ఒకమారు నిప్పురవ్వ పడవలెను. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగునపుడు 1500 రవ్వలు, అనగా సెకనుకు 25 రవ్వలు పడవలసియుండును. వానిలో ఒకటి తప్పినను మనకు కుదుపు తెలియును. మండని పెట్రోలు ఆవిరి వేడి సైలెన్సరులోనికి పోయి అచ్చట మండుటయే ఆ ఢామ్మను ధ్వని.

ఇంజను సరిగా నడచుటకు మూడు కావలెను. పెట్రోలు, గాలి తగు పాళ్లలో కలియవలెను. ఆ మిశ్రమము చక్కగా అదుమబడవలెను. తగిన క్షణమున బలమైన రవ్వ పడవలెను. ఈ మూటిలో ఏది లోపించినను మిస్సింగు వచ్చును. క్రొత్త బండిలో సామాన్యముగా ఒకటే లోపించును. పాత బండిలో మూడును కొంచెము కొంచెముగా అరిగియుండును. కష్టమంతయు అచ్చటనే యున్నది. ఏ భాగము విప్పి చూచినను దోషము కనబడును; కనబడిన దోషమెల్ల నేటి రోగమునకు కారణమని భ్రమపడుదుము.

మేమును అట్లే భ్రమపడితిమి. మొదటి ఆదివారము వేపచెట్టు నీడన బండి నిలిపి, పెట్రోలు గొట్టము ఊడదీసి గాజుసీసాలోనికి పట్టితిమి. సీసా అడుగున నీటి బొట్లు, త్రుప్పు నలక కనబడినవి. "ఇదిగో దొంగ దొరికినాడు" అంటిమి. మా మాటకు ఆధారము లేకపోలేదు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపు స్థితి వచ్చినది. ఎథనాలునకు నీటిని పీల్చుకొను గుణము కలదు. నీరు హద్దు మీరినచో ఆ రెండును కూడి పెట్రోలు నుండి విడివడి టాంకు అడుగునకు దిగును. పాత బండ్ల రబ్బరు గొట్టములు, వాషర్లు దానివలన ఉబ్బుటయు, మెత్తబడుటయు కలదు. కావున టాంకు కడిగి, గొట్టము మార్చి, కార్బొరేటర్ గిన్నె శుభ్రపరచితిమి. బండి వీధిలో రెండు మారులు చక్కగా తిరిగినది. రైతు సంతోషించెను, మేము అంతకంటె ఎక్కువ సంతోషించితిమి.

మరునాడు ఆరవ కిలోమీటరు దగ్గర, కాలువ కట్ట మెరక ఎక్కుచుండగా, బండి మరల తడబడినది. ఆనాటి పాలును విరిగినవి. సాయంకాలము అతడు ఫోను చేసి, కోపపడక, "మళ్లీ అట్లనే ఉందయ్యా. పెయ్యను రేపు తోలుకపోతామంటున్నారు" అని మాత్రమే చెప్పెను. ఆ మాట మాకు మిక్కిలి బాధ కలిగించినది. టాంకులో నీరుండుట నిజమే. కాని ఆ నీరే మిస్సింగునకు కారణమా అని మేము పరీక్షింపలేదు. రోగము వచ్చు చోట, రోగము వచ్చు వేళ చూడక, నీడపట్టున నిలిపి వైద్యము చేసితిమి. పట్టణములో భాగములు మార్చినవారికిని మాకును భేదమేమి? వారు డబ్బు పుచ్చుకొనిరి, మేము పుచ్చుకొనలేదు. అంతియే.

పెయ్య బేరమును ఒక్క వారము ఆపుమని బ్రతిమాలి, రెండవ ఆదివారము వేకువను నాలుగున్నరకే అతని యింటికి చేరితిమి. ఈసారి చేతిలో పానాలు పట్టక మునుపు ఒక కాగితముపై ప్రశ్నలు వ్రాసికొంటిమి. ఇంజను చల్లగా నున్నపుడు తడబడునా, వేడెక్కిన పిదపనా? ఊరకే తిరుగునపుడా, బరువు లాగునపుడా? హఠాత్తుగా స్విచ్చి కట్టినట్లు ఆగునా, నెమ్మదిగా నీరసించునా? కొంతసేపు నిలిపిన మరల బాగుపడునా? రైతు చెప్పిన జవాబులివి: వేడెక్కిన పిదపనే, బరువుతో మెరక ఎక్కునపుడే ఎక్కువ, హఠాత్తుగా తెగును, ఇరువది నిమిషములు నిలిపిన మరల నడచును. ఈ నాలుగు మాటలను అతనిని అంతకు మునుపు ఎవ్వరును అడుగలేదు. అడిగియుండిన, బండిని ఎప్పుడో బాగుచేసియుందురు.

ఏలయనగా, పెట్రోలు అందనిచో ఇంజను సామాన్యముగా నెమ్మదిగా నీరసించి ఆగును. రవ్వ తప్పినచో కత్తితో కోసినట్లు తెగును. బరువు లాగునపుడు సిలిండరులోనికి మిశ్రమము హెచ్చుగా వచ్చి ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడిలో ప్లగ్గు మొనల నడుమ రవ్వ దూకుటకు ఎక్కువ విద్యుద్బలము కావలెను. బలహీనమైన రవ్వ ఊరక తిరుగు ఇంజనును నడిపింపగలదు గాని బరువును లాగింపజాలదు. అందుచేతనే మరమ్మతు కొట్టు ముంగిట బాగుగా నడచిన బండి కాలువ కట్టపై మొరాయించుచున్నది.

పాలకు బదులు క్యానులలో నీరు నింపి కట్టితిమి. అతడు తన బండిపై ముందు నడచెను. మేము మరియొక బండిపై వెనుక వెళ్లితిమి. ఆరవ కిలోమీటరు మెరకలో ఎప్పటివలె మిస్సింగు ఆరంభమైనది. వెంటనే ఆపించితిమి. ఇంకను తెలవారలేదు. ఇంజను చల్లారక మునుపే, ఒకదాని వెంట నొకటిగా పరీక్షలు చేసితిమి.

మొదట టాంకు మూత విప్పితిమి. మూతకుండు గాలి రంధ్రము పూడినచో లోపల గాలి వెలితి యేర్పడి పెట్రోలు దిగదు. అట్లైన మూత తీయగానే గాలి సుయ్యని లోనికి పోవు శబ్దము వినబడును, బండి బాగుపడును. ఆ శబ్దము రాలేదు. కార్బొరేటర్ గిన్నె క్రింది మర విప్పిన పెట్రోలు నిండుగా వచ్చినది. ఛోక్ సగము లాగి చూచితిమి. పెట్రోలు తక్కువగుట వలన తడబడుచున్న యెడల కొంత మెరుగుపడవలెను. మెరుగుపడలేదు. కావున పెట్రోలు నిర్దోషి. మా మొదటి ఆదివారపు తీర్పు అచ్చట కొట్టివేయబడినది.

పాత బుల్లెట్టునకు ముందు దీపము పైభాగమున ఆమ్మీటరు ఉండును. స్విచ్చిలోగాని తీగలలోగాని వదులు ఏర్పడినచో, తడబడునపుడు దాని సూది ఎగిరెగిరి పడును. "సూది చూస్తానే ఉన్నా, కదల్లేదు" అని రైతు చెప్పెను. బ్యాటరీ నుండి వచ్చు విద్యుత్తు సరిగానే యున్నదన్నమాట.

పిమ్మట ప్లగ్గు విప్పి, దాని ఇనుప భాగమును ఇంజను రెక్కకు ఆనించి, కిక్కు కొట్టి రవ్వను చూచితిమి. ప్లగ్గు రంధ్రమునుండి వచ్చు ఆవిరి అంటుకొనగలదు గనుక ప్లగ్గును రంధ్రమునకు దూరముగా ఉంచవలెను, పెట్రోలు మరలన్నియు ముందుగా బిగింపవలెను. ప్లగ్గు మొన గోధుమ వర్ణముననే యున్నది. నల్లని మసి లేదు, తెల్లగా కాలలేదు. పాళ్లు సరియైనవే. కాని రవ్వ మాత్రము పసుపు పచ్చగా, సన్నగా పడినది. ఆరోగ్యమైన రవ్వ నీలముగా, చిటపటమని పడవలెను. ఇచ్చట నొక హెచ్చరిక: బయట రవ్వ బాగుగా కనబడినంత మాత్రమున లోపలి ఒత్తిడిలోను పడునని నమ్మరాదు. బయటనే బలహీనముగా కనబడినచో మాత్రము సందేహమక్కరలేదు.

కాయిల్ క్రొత్తది, ప్లగ్గు క్రొత్తది. ఇక మిగిలినవి పాయింట్లు, కండెన్సర్. ఇంజను నడచుచుండగా పాయింట్ల మూత తీసి చూచితిమి. చీకటి ఇంకను విడలేదు గనుక స్పష్టముగా కనబడినది: పాయింట్ల నడుమ పెద్ద పెద్ద నీలి మెరుపులు ఎడతెగక వచ్చుచున్నవి.

దాని యర్థము వివరించెదము. పాయింట్లు మూసికొన్నపుడు కాయిల్‌లో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత బలము కూడును. పాయింట్లు విడినపుడు ఆ బలము ఒక్కసారిగా కూలిపోవలెను. అట్లు కూలినపుడే ప్లగ్గు దగ్గర వేల వోల్టుల శక్తి పుట్టును. విడుచున్న పాయింట్ల నడుమ విద్యుత్తు మెరుపుగా దూకకుండ, దానిని క్షణకాలము తనలో నిలుపుకొనుట కండెన్సర్ పని. కండెన్సర్ చెడినచో ప్లగ్గునకు పోవలసిన బలము పాయింట్ల దగ్గరనే కాలిపోవును. మడవ తెగిన కాలువ నీరు పొలమునకు చేరనట్లే యని తలంపుడు. అది వేడెక్కినపుడు మాత్రమే చెడి, చల్లారిన పిదప మరల పనిచేయుటయు కలదు. ఇరువది నిమిషముల రహస్యమిదియే.

"కండెన్సరు మూడు నెలల కిందటే కొత్తది వేయించానయ్యా" అని రైతు ఆశ్చర్యపడెను. అందువలననే ఎవ్వరును దానిని శంకింపలేదు. క్రొత్తదెల్ల మంచిదని మన నమ్మకము. అదృష్టవశమున అతడు పొదుపరి; తీసివేసిన పాత కండెన్సర్‌ను గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో దాచినాడు. చేతిదీపము వెలుతురున పది నిమిషములలో దానిని బిగించితిమి. మరల ఇంజను నడిపించి చూడగా, ఆ నీలి మెరుపులు సూదిమొనంత మిగిలినవి. నీటి క్యానులతోనే బండి మెరక ఎక్కినది. పాలకేంద్రము వరకు పోయి వచ్చినది. ఒక్క తడబాటు లేదు. దానికైన ఖర్చు ఒక్క పైసాయు లేదు.

కథ అంతటితో ముగిసినదనుట సత్యము కాదు. తిరుగు దారిలో వేగము హెచ్చించినపుడు అచ్చటచ్చట చిన్న తడబాటు మిగిలియుండెను. పాయింట్లు తెరచుకొను సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్ల వరకు ఉండవలెను. ఫీలర్ గేజితో కొలువగా ఒకసారి సరిపోయినది, మరియొకసారి సరిపోలేదు. పాయింట్లను నడుపు ఇరుసును వ్రేలితో కదల్చగా అటునిటు ఊగినది. లోపలి బుష్షు అరిగినదన్నమాట. లేతు పనివారి చేత క్రొత్త బుష్షు చేయించిన పిదప ఆ కొరతయు తీరినది.

ఇక బోరు సంగతి. ఇంజను చల్లారిన పిదప తట్టిరాడ్లను చూచితిమి. ఈ బండిలో చల్లని ఇంజనుపై, పిస్టను అదుము దెబ్బ శిఖరమున నున్నపుడు, ఆ రాడ్లు వ్రేళ్లతో తిప్పిన తిరుగవలెను, క్రిందుమీదులుగా ఆడరాదు. అవి సరిగానే యున్నవి. కిక్కు మాత్రము కొంత తేలికగా దిగినది. ప్లగ్గు రంధ్రమున ఒక చెంచాడు ఇంజను నూనె పోసి కొట్టగా బిగువు హెచ్చినది. నూనె పోసిన బిగువు పెరిగినచో రింగులు, బోరు అరిగినవని, పెరుగనిచో వాల్వులు కారుచున్నవని గుర్తు. కావున బోరు అరిగినదను మాట అబద్ధము కాదు. కాని మిస్సింగునకు ఆ అరుగుదల కారణము కాదు. బోరు పని రాబోవు ఏడాది కూడబెట్టి చేయించుకొనవచ్చును. దానికొరకు నేడు చూడి పెయ్యను అమ్మనక్కరలేదు. పెయ్య ఇంటనే నిలిచినది. పిదప ఈని, ఇప్పుడు పాలిచ్చుచున్నది.

సభ్యులారా! ఈ వృత్తాంతమును మీ ముందుంచుటకు కారణము మీకు తోచియే యుండును. ఆ రైతు వ్యయపరచినది తన సొంత ధనము. మీరు వ్యయపరచునది ఊరందరి ధనము. మంచినీటి మోటారు ఆగినదని కబురు రాగానే "మోటారు కాలింది, కొత్తది తెప్పించండి" అను మాట సమావేశమున వినబడును. కాలినది మోటారా, స్టార్టరా, ఒక ఫేజు రాకపోయినదా, బోరుబావిలో నీటిమట్టము దిగినదా అని అడుగువారు కొందరే యుందురు. అడుగుటకు ఇంజనీరు చదువు అక్కరలేదు. ఎప్పుడు, ఎచ్చట, ఎట్లు, ఎంతసేపు అను నాలుగు ప్రశ్నలు చాలును.

మేము నేర్చుకొన్నవి అయిదు. రోగము వచ్చు వేళ, రోగము వచ్చు చోట చూడవలెను. ఒకసారికి ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినచో ఏది బాగుచేసినదో తెలియదు. క్రొత్త భాగమును సైతము శంకింపవలెను. తీసిన పాత భాగమును పనివాని వద్ద వదలక తిరిగి తీసికొనవలెను. దోషము కనబడగానే అదియే కారణమనక, దానిని తీసివేసిన పిదప అదే బరువుతో, అదే దారిలో మరల పరీక్షింపవలెను.

పంచాయతీ కార్యాలయమున ప్రతి యంత్రమునకు ఒక పుస్తకము పెట్టుడు. ఆగిన తేదీ, కనబడిన లక్షణము, చేసిన పరీక్ష, మార్చిన భాగము, పిదప ఎన్నాళ్లు నడచినది, ఈ అయిదింటిని అందు వ్రాయుడు. బిల్లు ఆమోదించుటకు మునుపు ఆ పుట చదివించుకొనుడు. మోటారు నడుపు పనివానిని సమావేశమునకు పిలిచి కూర్చుండబెట్టి, అతడు చెప్పునది వినుడు. ఆ రైతు నాలుగు జవాబులును మొదటినుండియు అతనికి తెలిసినవే. అడుగుట మాత్రమే ఆలస్యమైనది.

మా మొదటి ఆదివారపు తొందరపాటు వలన అతనికి ఒకనాటి పాలు నష్టమైనవి. ఆ నష్టము తీర్చెదమన్నను అతడు పుచ్చుకొనలేదు. ఈ సంగతి నలుగురికిని చెప్పి, మరియొకరికి అట్టి నష్టము రాకుండ చూచుటయే ఆ బాకీ తీర్చు మార్గమని భావించి, నేడు మీ ముందు చెప్పితిమి.